ఆస్ట్రేలియా ఎడారిలో మన డల్హౌసీ పేరెందుకుంది?

ఈ ఎపిసోడ్ ఒక వేడి నీటి బుగ్గ గురించి. బుగ్గ అంటే చెంప కాదండోయ్, నేలలోంచి ఉబికే ఊట. తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వర స్వామి గుడి ఉంది కదా, ఆ బుగ్గ అన్నమాట.

దక్షిణ ఆస్ట్రేలియాలో, సింప్సన్ ఎడారి అంచున డల్హౌసీ స్ప్రింగ్స్ ఉంది. ఉద్యోగం మానేశాక ముగ్గురు ఫ్రెండ్స్‌తో క్యాంపింగ్ ట్రిప్‌కి వెళ్లాను. రోజుల తరబడి ఎర్ర దుమ్ము, గులకరాళ్ల రోడ్డు, ఒక టైరు పంక్చర్. సాయంత్రానికి అక్కడికి చేరి నీళ్లలో దిగాం. దాదాపు ఒంటి వేడి అంత వెచ్చగా ఉన్నాయి. చిన్న చేపలు కాళ్లు కొరుకుతుంటే నవ్వు ఆగలేదు. దోమలు మాత్రం వదల్లేదు!

ఒడ్డున బోర్డు మీద డల్హౌసీ అని చూసి ఆగిపోయాను. ఝాన్సీని, నాగపూర్‌ని కలిపేసుకున్న, 1853లో నిజాం దగ్గర బీరార్ తీసుకున్న గవర్నర్ జనరల్ డల్హౌసీ... ఆయనకీ ఈ ఎడారికీ ఏం సంబంధం?

సంబంధం ఉంది. 1870లో రిచర్డ్ నకీ అనే సర్వేయర్ టెలిగ్రాఫ్ లైను పని మీద ఇటు వచ్చాడు. అప్పటి దక్షిణ ఆస్ట్రేలియా గవర్నర్ జేమ్స్ ఫెర్గూసన్. ఆయన భార్య లేడీ ఈడిత్ మన డల్హౌసీ కూతురే. గవర్నర్ గారి భార్య మీద గౌరవంతో ఆమె పుట్టింటి పేరు పెట్టేశాడు. తర్వాత ఫెర్గూసన్ బొంబాయి గవర్నర్‌గా వచ్చాడు. పూణేలో పీవీ నరసింహారావు గారు చదివిన ఫెర్గూసన్ కాలేజీ పేరు ఆయనదే.

ఇంకో తమాషా చూడండి. ఇండియాలో టెలిగ్రాఫ్ మొదలైంది డల్హౌసీ హయాంలోనే. 1872లో పూర్తయిన ఆస్ట్రేలియా లైను సుమారు 3,200 కిలోమీటర్లు. డార్విన్ నుంచి సముద్రపు కేబుల్ మీద జావా, సింగపూర్, పెనాంగ్ దాటి, మద్రాసు మీదుగా లండన్‌కి వార్తలు వెళ్లేవి.

మరి అంత ఎడారిలో లైను ఎలా వేశారు? దానికి జవాబు ఈ బుగ్గలే. డల్హౌసీకి దక్షిణంగా, మారీ నుంచి ఊడ్నడట్టా వైపు బుగ్గల వరస ఉంది. జాన్ మెక్‌డౌవల్ స్టువర్ట్ ఆ నీళ్లు పట్టుకునే ఉత్తరానికి దారి కనిపెట్టాడు. తర్వాత టెలిగ్రాఫ్, ఆ తర్వాత రైలు, ఇప్పుడు మా బండి... అందరిదీ అదే దారి.

కానీ "కనిపెట్టాడు" అనే మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. అరెర్న్టే, వాంకంగురు ప్రజలకి ఈ నీళ్లు వేల ఏళ్లుగా తెలుసు. వాళ్లు దీన్ని ఇర్వన్యెరె అంటారు, అంటే నయం చేసే ఊట. ఇప్పుడు ఇక్కడున్న విట్జిరా నేషనల్ పార్క్ నిర్వహణలో వాళ్లకీ భాగం ఉంది. మ్యాప్‌లో మాత్రం పెద్దక్షరాల్లో డల్హౌసీయే.

అసలు ఈ నీళ్లు ఎక్కడివి? భూమి కింద గ్రేట్ ఆర్టీసియన్ బేసిన్ ఉంది. విస్తీర్ణం సుమారు 17 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే ఆస్ట్రేలియాలో ఐదో వంతు పైనే. ఎత్తైన చోట్ల పడిన వాన రాతిపొరల్లోకి ఇంకి, చాలా నెమ్మదిగా కదులుతుంది. కొన్ని చోట్ల ఆ నీటి వయసు పది లక్షల ఏళ్లు దాటింది. మేడ మీద ట్యాంకులో నీళ్లుంటే కింద కుళాయిలో ప్రెషర్ వస్తుంది చూడండి, అదే సూత్రం. లోతులో భూమి వేడికి కాగుతుంది, పగులు దొరికితే పైకి వస్తుంది. అగ్నిపర్వతంతో పనిలేదు.

1878 నుంచి తెల్లవాళ్లు బోర్లు వేయడం మొదలుపెట్టారు. మోటారు అక్కర్లేదు, నీళ్లు వాటంతటవే చిమ్మాయి. దాంతో మూత పెట్టకుండా కాలువల్లోకి వదిలేశారు. ఆ కాలువల్లో నూటికి తొంభై వంతులకు పైగా ఆవిరై, ఇంకిపోయి వృథా. ప్రెషర్ తగ్గి చాలా బుగ్గలు ఎండిపోయాయి. 1999 నుంచి ప్రభుత్వాలు డబ్బు పెట్టి బోర్లకి మూతలు, పైపులు బిగిస్తూ వచ్చాయి. కొన్నిచోట్ల ప్రెషర్ మళ్లీ పెరిగింది.

ఇది నాకు వేరే దేశం కథలా అనిపించలేదు. మాది అనంతపురం జిల్లా. మూడో బోరు ఎండిపోయిన ఏడాదే మా నాన్న వ్యవసాయం వదిలేశారు. మా తాత చెప్పేవాడు, తన చిన్నప్పుడు బావిలో వంగి చెంబుతో నీళ్లు ముంచుకునేవాళ్లట. మేమెవరం నమ్మేవాళ్లం కాదు.

ఆ రాత్రి నీళ్లలో వెల్లకిలా పడుకుని నక్షత్రాలు చూస్తుంటే తాతే గుర్తొచ్చాడు. అక్కడ మూత పెట్టడానికి 120 ఏళ్లు పట్టింది. మన దగ్గర ఇంకా నాలుగో బోరు ఎక్కడ వేద్దామా అనే చూస్తున్నాం.

మీ ఊళ్లో బుగ్గ పేరుతో గుడో, వీధో ఉంటే, అక్కడ ఇప్పుడు నీళ్లున్నాయో లేదో పెద్దవాళ్లని అడగండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను!