పనిముట్లకొక చోటు

పనిముట్టును కొనుట సులభము. అక్కరపడిన వేళ అది చేతికి దొరకుట కష్టము. గోడకొక మేకు కొట్టవలసి వచ్చినప్పుడు సుత్తి మంచము క్రిందను, మేకులు పాత బిస్కట్ల డబ్బాలోను, పట్టకారు పొరుగింటను ఉండుట మనలో పెక్కుమందికి అనుభవమే. దీనిని ఇంటివారి అజాగ్రత్తగా నెంచి నవ్వి ఊరకుందుము. కాని చేతిపనుల చరిత్రను పరికించినచో, పనిముట్లను ఎక్కడ, ఏ తీరున ఉంచవలెనను ప్రశ్న వేయేండ్లుగా పనివారి బుద్ధికి పరీక్షగా నిలిచినదని తెలియును. ఆ ప్రశ్నకు కాలక్రమమున వచ్చిన సమాధానములలో కొన్నింటిని ఇచ్చట ముచ్చటింతము.

మొదటి సమాధానము పెట్టె. 1936లో స్వీడను దేశపు గోట్‌లాండు దీవిలో, మాస్టర్‌మీర్ అను చిత్తడినేలను ఒక రైతు దున్నుచుండగా ఓకు కొయ్యతో చేసిన పెట్టె యొకటి బయల్పడెను. దాని పొడవు ఇంచుమించు మూడడుగులు. ఇనుపగొలుసు దానిని చుట్టుకొని యున్నది. అక్కడ దొరకిన వస్తువులు 200కు పైబడినవి: సుత్తులు, పట్టకార్లు, దాగలులు, ఆకురాళ్లు, గొడ్డళ్లు, బాడిసలు, రంపములు, బరమాలు, తాళములు. ఇవి వైకింగుల కాలమునకు, అనగా సుమారు క్రీ.శ. 1000 ప్రాంతమునకు చెందినవని పండితుల నిర్ణయము. కమ్మరి పరికరములును వడ్రంగి పరికరములును ఒక్కచోటనే ఉండుటనుబట్టి, ఆ పెట్టెగల మనుష్యుడు రెండు పనులును ఎరిగినవాడని ఊహింపవచ్చును. అతని బ్రతుకంతయు ఆ మూడడుగుల కొయ్యలో ఇమిడి యున్నది. దానికి గొలుసు చుట్టుటలో వింత ఏమున్నది?

పెట్టెకు భద్రత కలదు, ప్రయాణసౌలభ్యము కలదు. కాని దానికొక దోషమును కలదు. కావలసిన వస్తువు ఎప్పుడును అడుగుననే ఉండును!

సముద్రముపై ఈ దోషము ప్రాణాంతకము కాగలదు. ఇంగ్లండు రాజు 8వ హెన్రీ యుద్ధనౌక 'మేరీ రోజ్' 1545 జూలై 19వ తేదీన పోర్ట్స్‌మత్ రేవు చేరువను మునిగిపోయెను. 1982లో దాని శిథిలమును పైకి తీసిరి. నావలో వడ్రంగులకు ప్రత్యేకముగా ఒక గది యుండెను. అందు వారి పెట్టెలును, చిత్రికలును, కొడతులును, కొలబద్దలును లభించినవి. నాలుగు శతాబ్దములకు పైగా ఉప్పునీటిలో నుండుటచే ఇనుము చాలవరకు తినివేయబడినది. కొయ్యపిడులు మాత్రము ఒండ్రుమట్టి కప్పుటచేత నిలిచినవి. నావకు గుండు తగిలి చిల్లి పడినప్పుడు వడ్రంగి పనిముట్లకై వెదకుకొనుచు కూర్చుండుటకు వీలులేదు. పనిముట్లకును పనివానికిని నావలో నియతమైన తావు ఏర్పరచుటలోని మర్మమిదియే.

పెట్టెలోని అడుగు దోషమును జయించినవారిలో హెన్రీ స్టడ్లీ పేరు చెప్పుకొనదగినది. ఈతడు 1838లో జన్మించి, అమెరికాలో మాసచూసెట్సు రాష్ట్రమున ఆర్గనులు, పియానోలు తయారుచేయు సంస్థలలో పనిచేసినవాడు. తన పరికరములకై మహాగని కొయ్యతో ఒక పెట్టెను తీర్చి గోడకు వ్రేలాడదీసికొన్నాడు. మూసినప్పుడు అది 39 అంగుళముల పొడవు, 20 అంగుళముల వెడల్పు మాత్రమే. తెరచినచో సుమారు 300 పనిముట్లు కన్నులకు కట్టును. ప్రతి ఉలికిని, ప్రతి ఆకురాతికిని దాని ఆకారమునకు సరిపడు గూడు కలదు. ముందు వరుసను తలుపువలె ప్రక్కకు త్రిప్పినచో వెనుక వరుస అగపడును. ఏ ఒక్కటి లేకున్నను ఖాళీగూడే ఆ సంగతి చెప్పును. 1925లో స్టడ్లీ గతించెను. కాని ఆ పెట్టె చెక్కుచెదరక నిలిచి, తరువాతి కాలమున వాషింగ్టనులోని స్మిత్‌సోనియన్ ప్రదర్శనశాలలో వేలమంది కన్నులపండువయ్యెను.

స్టడ్లీ జీవించియున్న కాలముననే మరియొక అమెరికనుడు ఈ ప్రశ్నను వేరొక వైపునుండి విచారించెను. ఆతడు ఫ్రాంక్ గిల్‌బ్రెత్. తాపీపనివారు ప్రతి ఇటుకకును నేలకు వంగి లేచుట చూచి, ఇటుకలను నడుమెత్తున అందించు పరంజాను ఏర్పాటుచేసెను. ఒక్క ఇటుక పేర్చుటకు 18 కదలికలు పట్టుచుండగా అవి 5కు దిగినవనియు, గంటకు మనిషికి 120 ఇటుకల పని 350కి పెరిగినదనియు ఫ్రెడరిక్ టేలర్ 1911లో ప్రకటించిన గ్రంథమున వ్రాసెను. పనివాడు మారలేదు, ఇటుక మారలేదు. ఇటుక ఉన్న చోటు మారినది. గిల్‌బ్రెత్ భార్య లిలియన్ ఇదే విచారమును వంటయింటికి తెచ్చెను. గృహిణి వేయు అడుగులను తగ్గించుటకై 1929లో న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో ఒక మాదిరి వంటగది రూపకల్పన చేసినది.

ఈలోగా మోటారుబండి వచ్చినది. బండికై కట్టిన షెడ్డులో మిగిలిన మూల, ఇంటి యజమానికి చిన్న కర్మాగారమయ్యెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట, 1946లో, బ్లాక్ అండ్ డెక్కర్ సంస్థ గృహస్థులకై విద్యుత్తుతో తిరుగు బరమాలను విక్రయింప నారంభించెను. పరికరములు పెరిగిన కొలది స్థలము చాలదయ్యెను. అప్పుడు గోడయే అక్కరకు వచ్చినది. 1924లో విలియం మేసన్ కనిపెట్టిన గట్టి అట్టపలక వంటివాటికి వరుసగా రంధ్రములు తొలిచి, కొక్కెములు తగిలించు పద్ధతి వ్యాపించినది. సుప్రసిద్ధ పాకశాస్త్రజ్ఞురాలు జూలియా చైల్డ్ ఇంట 1961లో ఆమె భర్త పాల్ అట్టి పలకలపై ప్రతి బాణలికిని దాని రూపురేఖను గీచియుంచెను. గిన్నె తీసిన వారెవరైనను దానిని తిరిగి ఎచ్చట తగిలింపవలెనో అడుగ నక్కరలేదు. ఆ వంటగది 2001లో స్మిత్‌సోనియన్‌కు దానముగా చేరినది.

గోడమీది ఆ రూపురేఖను చిన్నదిగా భావింపరాదు. విమానములకు మరమ్మతు చేయు శాలలలో నేడును ప్రతి పరికరమునకు దాని ఆకృతిలో మలచిన గుంట యుండును. పని ముగిసిన తరువాత ఒక గుంట ఖాళీగా నున్నచో, ఆ పరికరము దొరకువరకు విమానమును విడువరు. యంత్రములో చిక్కుకొన్న ఒక్క స్క్రూడ్రైవరు వందలమంది ప్రాణములు తీయగలదు కదా!

మన దేశమునకు ఈ భావము క్రొత్తది కాదు. విజయదశమి వేళ వడ్రంగి ఉలిని, చిత్రికను, మూలమట్టమును కడిగి, బొట్టుపెట్టి, ఒక్కచోట నుంచి పూజించును. ఏడాదికి ఒకమారైనను పనిముట్లన్నియు వెలుగులోనికి వచ్చును. పోయినది తెలియును, తుప్పు పట్టినది తెలియును.

ఇండ్లలో ఈ క్రమము నెలకొల్పుటకు విశేష వ్యయము అక్కరలేదు. తరచు వాడునవి నడుముకును కంటికిని నడుమ నుండవలెను. పదునైనవి పిల్లలకు అందని ఎత్తున నుండవలెను. మేకులను, మరమేకులను గాజుసీసాలలో వేరువేరుగా నుంచినచో మూత తీయకయే కనబడును. రంగులు, కిరసనాయిలు పొయ్యికి దూరముగా నుండవలెను.

అన్నిటికంటె ముఖ్యమైన దొకటి కలదు. తనకొక్కనికే తెలిసిన క్రమము ఆ మనిషితోనే పోవును. తండ్రి గతించిన పిమ్మట ఆయన సామానులను తూకమునకు అమ్మివేయు ఇండ్లు ఎన్నియో కలవు. ఏది దేనికో తెలియకపోవుటయే అందులకు కారణము. కావున సీసాపై చీటీ అంటించుడు. గోడపై గీత గీయుడు. ఏ పనిముట్టు దేనికో ఇంటిలోని ఆడపిల్లకును మగపిల్లవానికిని చూపుడు. మీ చేయి విడిచిన సుత్తిని మరియొక చేయి అందుకొనుటకు ఆ గీతయే దారి చూపును.