సముద్రపు కేబుల్ నుంచి సర్క్యూట్ బోర్డు వరకు

సర్క్యూట్ బోర్డు మీది రాగి గీతను మీరు మామూలు తీగగానే భావిస్తూ వచ్చారు. సంకేతం చాలా వేగంగా మారేటప్పుడు అది టెలిగ్రాఫ్ లైనులాగే ప్రవర్తిస్తుంది. కనుక దాని చరిత్రను సముద్రం అడుగున వెతకాలి.

1858లో అట్లాంటిక్ కేబుల్ ద్వారా విక్టోరియా రాణి పంపిన 98 పదాల సందేశం చేరడానికి 16 గంటలు పట్టింది. సంకేతాలు దారిలోనే సాగిపోయి ఒకదానిలో ఒకటి కలిసిపోయేవి. వైట్‌హౌస్ సుమారు 2,000 వోల్టులు ప్రయోగించాడు. అసలే లోపాలున్న ఆ కేబుల్ కొన్ని వారాలకే మూగబోయింది.

సంకేతం చెదరడానికి కారణం లైను లక్షణాల్లోనే ఉందని, బలం పెంచి లాభం లేదని సమీకరణాలతో వివరించినవాడు ఆలివర్ హెవిసైడ్. 'ఇంపెడెన్స్' అనే మాట 1886లో ఆయన పెట్టిందే. లైను ఇండక్టెన్స్ పెంచితే సంకేతం చెదరదని 1887లో ఆయన చెబితే, బ్రిటిష్ తపాలా శాఖ ఇంజనీరు ప్రీస్ అడ్డుపడ్డాడు. పదహారేళ్లకే బడి మానేసినవాడి మాట ఎవరు వింటారు! అదే సూత్రంపై పేటెంటు పొంది లాభపడినవాడు అమెరికాలోని ప్యూపిన్.

ఇప్పుడు మీ బోర్డును చూడండి. 50 ఓమ్‌ల గీత చివర 75 ఓమ్‌ల లోడు ఉందనుకోండి. వాటి భేదం 25ను మొత్తం 125తో భాగిస్తే ఐదోవంతు. అంత వోల్టేజి వెనక్కి పరావర్తనం చెందుతుంది. డ్రైవరు నిరోధం 20 ఓమ్‌లైతే, దాని పక్కనే శ్రేణిలో 30 ఓమ్‌ల నిరోధకం చేర్చండి. తిరిగివచ్చిన తరంగం మళ్లీ పరావర్తనం చెందకుండా అక్కడే ఆగిపోతుంది.