మూడో వయసు బడి

మనవలను బడికి పంపే వయసులో తామే బడికి బయల్దేరిన పెద్దల సంగతి ఇది. 1973లో ఫ్రాన్సులోని తులూజ్‌లో పియెర్ వెల్లాస్ అనే ఆచార్యుడు 'మూడో వయసు విశ్వవిద్యాలయం' తెరిచాడు. అక్కడ పాఠం చెప్పేది ఆచార్యులే.

1981-82లో ఇంగ్లండు చేరాక పద్ధతి మారింది. చరిత్రకారుడు పీటర్ లాస్లెట్ ప్రభృతులు, తెలిసినవాళ్ళే తోటివాళ్ళకు చెప్పాలన్నారు. ఇవాళ పాఠం చెప్పినావిడ రేపు బల్లమీద కూర్చుని వింటుంది. సంఘానికి కొద్దిపాటి చందా తప్ప పాఠానికి రుసుం లేదు. చెప్పేవాళ్ళకు జీతమూ లేదు. పరీక్షల్లేవు, పట్టాల్లేవు.

పట్టా లేని చదువేం చదువని ముక్కు విరిచేవాళ్ళుంటారు లెండి! నాకైతే ఈ రెండో పద్ధతే నచ్చింది. నలభై ఏళ్ళు ఇల్లు నడిపినావిడ దగ్గర చెప్పడానికేమీ ఉండదా?

2020లో కరోనా తలుపులు మూయించినప్పుడు చాలా తరగతులు కంప్యూటర్ తెరమీదికెక్కాయి. దాంతో మెట్లు దిగలేనివాళ్ళూ ఇంట్లో కూర్చునే పాఠం విన్నారు.