నంద్యాల తీగ, ఆళ్లగడ్డ మాట

నంద్యాల నుండి ఆళ్లగడ్డకు దక్షిణముగా సాగు బాట సుమారు 40 కిలోమీటర్లు. ఎడమవైపున నల్లమల కొండల వరుస వెన్నంటి వచ్చుచుండగా, కుడివైపున కుందూ పరీవాహపు నల్లరేగడి చేలు కనుచూపు మేర పరచుకొనియుండును. బస్సెక్కినవానికి గంటసేపటి ప్రయాణము. అయితే మనుష్యుని కంఠస్వరము తన సహజమైన తియ్యదనము చెడకుండ ఈ కొద్దిపాటి దూరమును దాటగలుగుటకు తరములు పట్టినవి. ఆ జాగునకు మూలము దూరమొక్కటియే కాదనియు, ఆ దూరమున పరచిన తీగ యెంత లావుది, దానిని దేనితో చుట్టిరి, ఎట్లు మెలివేసిరి, అతుకు ఎంత శుభ్రముగా వేసిరి అను చిన్న చిన్న సంగతులే మాటకు ప్రాణమో గండమో అయినవనియు తీగల చరిత్ర చదివినకొలది నాకు తోచుచున్నది.

ఈ సీమకు తీగ మొదట తెచ్చినది మాటను కాదు, తంతిని. గుంతకల్లు నుండి గుంటూరు వైపు నల్లమలను చీల్చుకొనిపోయిన మీటరుగేజి రైలుదారి 19వ శతాబ్దపు చివరి పాదమున నంద్యాలను తాకినది. రైలు నడచుటకు తంతి కావలెను గనుక పట్టాలతోబాటు స్తంభములును నిలిచినవి. ఆళ్లగడ్డకు నేటికిని రైలు లేదు. దాని తీగ బాట వెంటనే రావలెను. తంతికి దూరము పెద్ద శత్రువు కాదు. ఇనుపతీగ కొసను టక్కుమన్నదా లేదా అన్నంతవరకే దాని అక్కర. మాట అట్లు కాదు. సెకనుకు 300 మొదలు 3,400 వరకు గల కంపనములు తమ తమ పాళ్లు తప్పక చేరినపుడే ఇది ఫలానావారి గొంతని గుర్తుపట్టగలము. 1882 జనవరి 28న మదరాసు, కలకత్తా, బొంబాయి నగరములలో టెలిఫోను ఎక్స్ఛేంజీలు తెరచినపుడు వాని తీగలు ఊరి పొలిమేర దాటలేదు.

పొడవు పెరిగినకొలది తీగలో సంకేతమేల సన్నగిల్లునను ప్రశ్న సముద్రపు అడుగున పుట్టినది. 1858లో అట్లాంటిక్ మహాసముద్ర గర్భమున పరచిన మొదటి కేబులు మీద విక్టోరియా రాణి పంపిన 98 పదముల సందేశమునకు 16 గంటలు పట్టినది. ఇట్లగునని విలియం థామ్సన్, అనగా తరువాతి లార్డ్ కెల్విన్, ముందే లెక్కకట్టియుండెను: అట్టి కేబులులో జాగు పొడవు యొక్క వర్గమును బట్టి పెరుగును, తీగ రెండింతలైనచో జాగు నాలుగింతలు. లోపలి రాగికిని వెలుపలి తడికిని నడుమనున్న తొడుగు విద్యుత్తును కొంత మ్రింగి, నిలువచేసికొని, మెల్లగా విడుచును. సన్నని కంపనములు ఆ మడుగులోనే అణగిపోవును. తీగకు ప్రేరకత్వము కలిపినచో ఈ వికృతి తగ్గునని 1887లో ఆలివర్ హెవిసైడ్ గణితముచే చూపగా, 1900 ప్రాంతమున మైకేల్ పుపిన్ ఆ భావమునకు తీగచుట్టల రూపమిచ్చెను. దూరపు కేబులులలో సుమారు 1,830 మీటర్లకొకటి చొప్పున దాగియుండు లోడింగ్ కాయిల్ ఆ చుట్టయే.

పట్టణములో, ఎక్స్ఛేంజికిని ఇంటికిని నడుమ, పెత్తనము రాగి నిరోధముది. ఎక్స్ఛేంజి బ్యాటరీ బలము 48 వోల్టులు. ఇంటిలో కరెంటు పోయినను ఫోను పలుకుచుండుటకు కారణమదియే. 0.5 మిల్లీమీటరు రాగిజంట పోకరాకలు కలిపి కిలోమీటరుకు సుమారు 175 ఓములు, 0.4 మిల్లీమీటరుదైనచో దాదాపు 275. పాత యాంత్రిక ఎక్స్ఛేంజీలకు ఇంచుమించు 1,000 ఓములు దాటిన లైను భారమగును. అనగా సన్నతీగ నాలుగు కిలోమీటర్లు పోకమునుపే, లావుతీగ ఆరు కిలోమీటర్లు పోకమునుపే చతికిలబడును. నంద్యాల నుండి ఆళ్లగడ్డ ఇంటికి నేరుగా అట్టి తీగ లాగినచో 7,000 ఓములు! ఆళ్లగడ్డకు తనదైన ఎక్స్ఛేంజి ఉండక తీరదు. నంద్యాలకు 08514, ఆళ్లగడ్డకు 08519 అని మనము వేర్వేరుగా తిప్పిన ఎస్.టి.డి. కోడుల వెనుక కొంతవరకు ఈ రాగి స్వభావమే ఉన్నది.

ఊరికిని ఊరికిని నడుమ ట్రంకులైనులు స్తంభములపై పింగాణీ గిన్నెలకు కట్టిన బరితీగలుగా సాగెడివి. అవి లావైనవి, ఎడముగా నున్నవి. కనుక భూమిలోని కేబులుకంటె మాటను దూరము మోసినవి. కాని ప్రక్కజంటలోని సంభాషణ ఈ జంటలోనికి దొరలెడిది. దానికి విరుగుడుగా, నియమిత దూరములందు జంటలోని రెండు తీగలను స్థానములు మార్చి కట్టుదురు. 1881లో గ్రాహం బెల్ పేటెంటు పొందిన మెలివేసిన జంటలోని కిటుకు ఇదియే.

ఆళ్లగడ్డ విగ్రహశిల్పమునకు ప్రసిద్ధి. విగ్రహమునకు దూరపు ఊరినుండి ట్రంకుకాలుపై పని చెప్పవలసిన దినములను తలచుకొనుడు. గంటలకొలది నిరీక్షణము, మధ్యమధ్య ఆపరేటరు గొంతు, పీఠమెంత ఎత్తో విగ్రహమెంత ఎత్తో రెండుసార్లు మూడుసార్లు కేకవేసి చెప్పుట. బలహీనమైన లైనులో అచ్చులు మిగులును, ఊష్మాక్షరములు రాలిపోవును. శ, ష, సలు ప్రాణము పోసికొనునది హెచ్చు కంపనములతోనే గదా! ఇవతల "సరే" అన్నది అవతల "అరే" అని వినబడుటయు, ఆ మాటకు ఉలిక్కిపడుటయు వింత కాదు.

పట్టణములలో తీగలు క్రమముగా నేల క్రిందికి దిగినవి. మొదటివి కాగితము చుట్టి సీసపు తొడుగు తొడిగిన కేబులులు. కాగితము పొడిగా నున్నంతకాలము దానికి సాటి లేదు; నీరు చొచ్చెనా, వందల జంటలు ఒక్కసారిగా మూగవోవును. వానకు ఉబ్బి ఎండకు నెర్రెలు విచ్చు నల్లరేగడి, తనలో పాతిన కేబులును ఏటేట లాగి అతుకుల వద్ద శ్రమపెట్టును. 1952లో రూప్‌నారాయణ్‌పూర్‌లో హిందుస్థాన్ కేబుల్స్ స్థాపితమైన తరువాత ఈ కేబులు స్వదేశమున తయారగుట మొదలయ్యెను. కాలక్రమమున పాలిథీన్ తొడుగు తీగల సందులలో జిడ్డుపదార్థము నింపిన జెల్లీకేబులు వచ్చెను.

ఆ కేబులును అతుకు లైన్‌మన్‌ను దగ్గర నిలిచి చూడవలెను. గోతి అంచున గొంతుకూర్చుండి, కిరసనాయిలు గుడ్డతో ఒక్కొక్క జంటకు అంటిన జెల్లీని తుడుచుచు, తెలుపు-నీలము, తెలుపు-నారింజ, తెలుపు-ఆకుపచ్చ అని రంగులను పైకి చదువుకొనుచు, తప్పు జంట తగులకుండ మెలివేయుచుండును. సరిగా ఆ క్షణముననే ఎవరైన ఆ నంబరుకు ఫోను చేసినచో 75 వోల్టుల గంటకరెంటు తడివ్రేళ్లను చురుక్కుమనిపించును; ఒకసారి చేయి విదిలించి మరల పనిలోనికి వంగును. ఆ పనిని నేను విద్యలలో నొకటిగా నెంచుదును.

1984లో సి-డాట్ ఏర్పడి, చల్లనిగది అక్కరలేని చిన్న గ్రామీణ ఎక్స్ఛేంజీలను రూపొందించినందున ఎక్స్ఛేంజియే పల్లెకు దగ్గరగా వచ్చెను, తీగ పొట్టిదయ్యెను. పసుపుపచ్చ బోర్డుల ఎస్.టి.డి. బూతుల కాలమదియే.

2005 జనవరిలో బి.ఎస్.ఎన్.ఎల్. బ్రాడ్‌బ్యాండు ప్రారంభమగుటతో పాతరాగికి కొత్తపరీక్ష వచ్చినది. మాటకు 3,400 కంపనములు చాలును. ఇది సెకనుకు 11 లక్షలు, తరువాతి రకమున 22 లక్షల కంపనములవరకు ఆ జంటపైననే పరుగెత్తవలెను. కంపనము సూక్ష్మమైనకొలది రాగి దానిని త్వరగా హరించును. ఎక్స్ఛేంజి ప్రక్కవీధిలో 24 మెగాబిట్లకు ఆశపడదగిన లైను, మూడు కిలోమీటర్ల వద్ద ఎనిమిదికి దిగును. ఐదు కిలోమీటర్ల వద్ద ఒకటి రెండు దక్కిన గొప్ప. మాటను రక్షించిన లోడింగ్ కాయిల్ ఇప్పుడు అడ్డుగోడయై, వెదకి తీసివేయవలసినదయ్యెను. ఎప్పుడో పడకగదికి లాగి, కొస వదలివేసిన ప్యారలల్ తీగ ఫోను లేకున్నను సంకేతమును తనలోనికి లాగి వెనుకకు కొట్టును. మెలికలేని చప్పిడి తీగ ఇంటిలోని రొదనంతయు పోగుచేయును. మోడెమ్‌ను మొదటి సాకెట్టుకే తగిలించుడని పనివారు చెప్పినది అందుచేతనే.

తరువాత గాజు వచ్చినది. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ జాతికి అంకితముచేసిన ఏపీ ఫైబర్‌నెట్ తీగలు కరెంటు స్తంభములనే ఆశ్రయించి ఊరూర సాగినవి. మంచి గాజుతీగలో వెలుగు 15 కిలోమీటర్లు పోయిన తరువాతను సగము మిగులును. అతుకుల నష్టము లెక్కింపనిచో నంద్యాలలో పంపినది ఆళ్లగడ్డ చేరునప్పటికి సుమారు ఆరవవంతు మిగిలియుండును, అది చాలును. నేడు ఆళ్లగడ్డ శిల్పి తాను చెక్కుచున్న ముఖమును ఫోనులోనే దూరపు ఊరివానికి చూపగలడు. "అన్నా, కుడికన్ను రెప్ప రవ్వంత దించితే బాగుంటాదేమో" అని అతడనును. "సరే" అని శిల్పి ఉలి చేతికి తీసికొనును. ఆ మాటలోని సకారము చెక్కు చెదరక అవతలికి చేరును.