పడవ కారుకు నాలుగు మిల్లీమీటర్ల కోత

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైంది. అప్పటిదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న మన చికిటి ఆ రోజున ఒరిస్సాలో కలిసింది. పక్కనే ఉన్న ఇచ్ఛాపురం మద్రాసులోనే ఉండిపోయింది. ఆ కాలపు షెవ్రొలె బొమ్మ కారు ఒకటి చేసి, ఇది చికిటి కారు అని బల్ల మీద పెట్టాలనుకునేవారికి రంగుకంటే ముందు తేలాల్సింది సంవత్సరం. 1935 అయితే మద్రాసు నంబరు వేయాలి. ఏ నాలుగేళ్ల తర్వాతో కొన్న కారయితే ఆ నంబరు చెల్లదు.

అమెరికాలో పాత కార్ల నమూనాలను ఆనాటి తీరులో మార్చి కట్టేవాళ్లకు ఉండే పట్టింపు సరిగ్గా ఇదే. మనం పడవ కార్లు అని పిలుచుకున్న ఆ పొడుగాటి బళ్లను వాళ్లు జానెడు పొడవున మళ్లీ తయారుచేస్తారు.

ఒక పెట్టె, మూడు కార్లు

1948లో మొదలైన ఏఎంటీ కంపెనీ మొదట్లో కార్ల డీలర్ల కోసం బొమ్మలు చేసేది. కొత్త మోడల్ ఎలా ఉంటుందో, ఏ రంగుల్లో వస్తుందో షోరూములో చూపడానికి అవి పనికొచ్చేవి. అసలు కారులో ఇరవై అయిదో వంతు వాటి కొలత. 1958లో అదే కంపెనీ ఆ కార్లను విడి భాగాలుగా పెట్టెలో పెట్టి అమ్మింది. ఆ భాగాలతో కారును మూడు రకాలుగా కట్టుకోవచ్చు: కంపెనీ నుంచి వచ్చినట్టు, సొంత సోకులతో, లేదా పందెం కారుగా. కట్టేవాడి అభిరుచికి పెట్టెలోనే చోటు దొరకడంతో అమెరికా కుర్రాళ్లు వాటి మీద పడ్డారు.

వాళ్ల ముందున్న ఒరవడి కాలిఫోర్నియా షెడ్లది. అక్కడ జార్జ్ బారిస్, ఆయన అన్న సామ్ పాత కార్లను కోసి కొత్త రూపం ఇచ్చేవారు. 1952లో బాబ్ హిరోహతా అనే యువకుడి 1951 మెర్క్యురీకి వాళ్లు పైకప్పు దించి, పక్కలకు బ్యూక్ కారు మెరుపు పట్టీలు తొడిగి, ఆకుపచ్చ రంగులు వేశారు. అది నేటికీ ఆ పనితనానికి గీటురాయి.

లప్పం, మక్కు

పైకప్పు దించడమంటే ఏమిటో బొమ్మ మీద చూస్తే తెలుస్తుంది. మెర్క్యురీ పొడవు దాదాపు 17 అడుగులు. బొమ్మలో అది 21 సెంటీమీటర్లు. అసలు కారులో నాలుగంగుళాలు దించితే బొమ్మలో నాలుగు మిల్లీమీటర్లు. సన్నటి రంపంతో అద్దాల పక్క స్తంభాలను ఆ మేరకు కోస్తారు. స్తంభాలు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి, కోశాక పైకప్పు కింది మొదళ్లకు కుదరదు. దాన్నీ ముక్కలు చేసి, మధ్యలో ప్లాస్టిక్ పట్టీలు అతికి, లప్పం పూసి, ఆరాక వాటర్ పేపర్‌తో రుద్దాలి. అసలు కార్లకు ఆ రోజుల్లో లప్పం బదులు సీసం కరిగించి పూసేవారు. అందుకే వాటికి సీసపు బళ్లని పేరొచ్చింది.

ఈ పని తెలుగువాళ్లకు కొత్త కాదు. కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో చెక్కిన ముక్కలను అతకడానికి, ఒంపులు దిద్దడానికి చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కు వాడతారు. మక్కు చేసేదీ, లప్పం చేసేదీ ఒకటే పని.

తేదీ తప్పితే

1952 నాటి కారని చెప్పి చక్రాలకు ఓల్డ్స్‌మొబైల్ ఫియెస్టా మూతలు బిగిస్తే తెలిసినవాడు నవ్వుతాడు. అవి 1953లో వచ్చాయి. టైరు మీది తెల్ల పట్టీ వెడల్పుగా ఉంటే యాభైల కారు, సన్నబడితే అరవైల కారు. పని ఎంత నున్నగా ఉన్నా తేదీ తప్పితే బొమ్మ అబద్ధమాడినట్టే. చరిత్ర రాసేవాడికి ఉండాల్సిన నిజాయితీ ఈ ఆటలో ఉంది.

మన దేశంలోనూ దీనికి సరుకు ఉంది. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయిలో కార్లు బిగించడం మొదలుపెట్టి 1954 ప్రాంతంలో వెళ్లిపోయింది. స్వాతంత్ర్యం వచ్చాక ప్రీమియర్ కంపెనీ డాడ్జ్, ప్లిమత్, డిసోటో కార్లను ఇక్కడే తయారుచేసింది. చేతి నేర్పూ మనకు ఉంది. తుక్కు సామానుతో వింత కార్లు చేసి హైదరాబాద్‌లో మ్యూజియం పెట్టిన కన్యాబోయిన సుధాకర్ అందుకు సాక్షి. కొరవడింది ఊరూరి ఆధారాలే.

చికిటిలోనో, బరంపురంలోనో, ఇచ్ఛాపురంలోనో మీ ఇంటి ఆల్బమ్‌లో పెళ్లికొడుకు వెనక పడవ కారు ఒకటి నిలబడి ఉంటే, ఆ ఫొటోను పారేయకండి. దాని వెనక సంవత్సరం, ఊరి పేరు, కనిపిస్తే నంబరు రాసిపెట్టండి. రంగు గుర్తున్న పెద్దవాళ్లుంటే ఈ ఆదివారమే అడగండి. నలుపు తెలుపు ఫొటో రంగు చెప్పలేదు.