నీలగిరి వెంట రాని వంగపండు రంగు గొడుగు

మెదక్ జిల్లాలోని రేగోడ్ మొదలుకొని తెలుగు నేలలో ఏ మెట్ట పల్లెకైనా తెలిసిన పుట్టగొడుగు, పేరులోనే తన పుట్టుకను చెప్పుకొంటుంది. చెదపురుగులు తాము తిన్న కట్టెను పుట్ట లోపల మెత్తని తుట్టెగా పేర్చి, దానిపై ఒక శిలీంధ్రాన్ని సాగు చేస్తాయి. వానలు పడ్డాక ఆ సాగే నేలను చీల్చుకొని గొడుగై పైకి వస్తుంది. ఈ జాతికి ఫ్రెంచి శాస్త్రవేత్త రోజే ఎమ్ 1942లో టెర్మిటోమైసెస్, అనగా చెదల శిలీంధ్రం, అని పేరు పెట్టాడు. తెలుగు మాట ఆ సంగతిని అంతకు ఎంతో ముందే గుర్తించింది. పుట్టతో పొత్తు లేక ఎక్కడబడితే అక్కడ మొలిచేదాన్ని కుక్కగొడుగని పక్కన పెట్టడం కూడా ఆ గుర్తింపులో భాగమే.

చెట్టు వేరుతో పొత్తు కుదుర్చుకొని బతికే గొడుగుల సంగతి వేరు. ఆస్ట్రేలియాలోని యూకలిప్టస్ అడవుల్లో కోర్టినేరియస్ ఆర్చెరీ అనే జాతి పెరుగుతుంది. దాని తల జిగురుగా, వంగపండు రంగులో నిగనిగలాడుతుంది. లేత వయసులో తల అంచును కాడతో కలిపే సాలెగూడు వంటి పలుచని తెర ఉంటుంది. లాటిన్‌లో తెరకున్న కోర్టినా అన్న మాటే ప్రజాతి పేరుకు మూలం. బంగాళాదుంప తెగులుపై పరిశోధనతో పేరొందిన ఇంగ్లండు మతాచార్యుడు బర్క్‌లీ, టాస్మేనియా వృక్షసంపదపై వృక్షశాస్త్రవేత్త హూకర్ వెలువరించిన గ్రంథంలో 1860 ప్రాంతంలో దీనిని వర్ణించి, అక్కడి ప్రకృతి పరిశీలకుడు విలియం ఆర్చర్ పేరు పెట్టాడు. వేరూ శిలీంధ్రమూ ఒకదానికొకటి ఆహారం ఇచ్చుకొనే ఇటువంటి బంధానికి జర్మన్ శాస్త్రవేత్త ఫ్రాంక్ 1885లో మైకోరైజా అని పేరు పెట్టాడు.

యూకలిప్టస్ చెట్టు మాత్రం ఈ పేర్లన్నిటికీ ముందే భారతదేశానికి వచ్చింది. 1790 ప్రాంతంలో టిప్పు సుల్తాన్ నందిదుర్గం తోటలో కొన్ని యూకలిప్టస్ జాతులను నాటించాడని అటవీ చరిత్రలు రాస్తాయి. 1843లో కెప్టెన్ కాటన్ నీలగిరులకు ఒక జాతిని తేగా, అక్కడి షోలా అడవులు తరిగిపోయి ఊటీ పొయ్యిలకు కట్టెలు కరవైనందున 1856 నుంచి దాని తోటలను వరుసగా పెంచసాగారు. తెలుగువారు ఆ చెట్టును, దాని తైలాన్ని ఇప్పటికీ నీలగిరి అనే పిలుస్తారు; కొన్నిచోట్ల జామాయిల్ అన్న పేరు స్థిరపడింది. చలికొండలకు తగిన ఆ జాతి మైదానాల ఎండకు తాళలేదు గనుక దక్కనులో మైసూర్ గమ్ అనే మరో రకం వ్యాపించింది. ఆపైన భద్రాచలం చెంత సారపాక కాగితపు మిల్లు కొమ్మ ముక్కలనుంచి పెంచిన క్లోన్ మొక్కలను 1990లలో రైతులకు అందించింది.

వంగపండు రంగు గొడుగు మాత్రం వెంట రాలేదు. చెట్టు ప్రయాణించింది పొడి విత్తనంగా. వేరు లేని విత్తనానికి వేరును అంటిపెట్టుకొనే శిలీంధ్రం తోడు రాదు. క్లోన్ మొక్కలను కూడా అడవి మట్టి తగలని మాధ్యమంలో పెంచారు కాబట్టి ఆ దారీ మూసుకుపోయింది. దేవదారు కుటుంబపు పైన్ చెట్లు కొత్త దేశాల్లో తమ శిలీంధ్రం దొరకక గిడసబారితే, వాటికి అడవి మట్టి తెచ్చి పోయవలసి వచ్చింది. యూకలిప్టస్‌కు ఆ అగత్యం అంతగా కలగలేదు. వేరు కణాల లోపలే దాగి, పైకి గొడుగు ఎత్తని మరో రకం శిలీంధ్రాలతోనూ అది సర్దుకుపోగలదు, అటువంటివి ఏ పొలంలోనైనా ఉంటాయి. దక్షిణాది తోటల్లో కనిపించే లక్కేరియా ఫ్రాటెర్నా, పిసోలిథస్ వంటి కొన్ని మొండి జాతులు మాత్రం ఏదో దారిన చెట్టు అడుగుజాడల్లో నడిచాయి; మొదటిది చిన్న గోధుమరంగు గొడుగు, రెండవది పేడముద్ద వంటి ఉండ, రెండూ చూపరులను ఆకట్టుకొనేవి కావు.

ఎర్రనేలల్లో కొత్తగా నాటిన నీలగిరి మొక్కకు తొలి శత్రువు చెదే. నాటే గుంతలో చెదల మందు వేయడం ఆ తోటల పెంపకంలో మామూలు పద్ధతి కాగా, ఆ మందు తగిలిన పుట్టలో తుట్టెపై శిలీంధ్రాన్ని సాగు చేసే పురుగులు మిగలవు, మొదట చెప్పిన వాననాటి పుట్టగొడుగూ మిగలదు.