పళ్ళున్న పుట్టగొడుగు ఎవరికి చుట్టం?

పైన్ చెట్ల కింద, నాచు మధ్య తెల్లటి ముద్ద. దాని మీద అక్కడక్కడా చిక్కటి ఎర్ర రసం చుక్కలు. దెబ్బ తగిలి నెత్తురు కారుతోందేమో అనిపిస్తుంది. లేతగా ఉన్నప్పుడు నేలలో తడి ఎక్కువైతే ఈ పుట్టగొడుగు ఒంట్లోని నీరు ఇలా పైకి ఊరుతుంది. పెరిగేటప్పుడు అడ్డొచ్చిన గడ్డిపరకను పక్కకు నెట్టదు, తనలో కలిపేసుకుంటుంది. తిరగేస్తే మొప్పలుండవు. కిందికి వేలాడే సన్నటి పళ్ళుంటాయి, పొడవు సుమారు 5 మిల్లీమీటర్ల లోపే. ముదిరాక గోధుమరంగుకు తిరిగి బెండులా గట్టిపడుతుంది.

ఈ పళ్ళే శాస్త్రవేత్తలను చాలాకాలం తప్పుదారి పట్టించాయి. 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ పళ్ళున్నవాటిని హిడ్నమ్ అనే ప్రజాతి కింద పెట్టాడు. తర్వాత స్వీడన్ వాడే ఎలియాస్ ఫ్రీస్, సిద్ధబీజాలు పుట్టే పొర ఆకారాన్ని బట్టి మొప్పలవి, రంధ్రాలవి, పళ్ళవి అని విడదీశాడు. కంటితో చూసి పోల్చుకోవాల్సిన ఆ రోజుల్లో అంతకన్నా పనికొచ్చే పద్ధతి లేదు. ఫిన్లాండ్‌కు చెందిన కార్‌స్టెన్ 1879లో హిడ్నెల్లమ్ అనే ప్రజాతిని వేరుచేశాడు.

మన ఎర్రచుక్కల జాతిని 1913లో అమెరికా శాస్త్రవేత్త హోవార్డ్ బ్యాంకర్ అందులో చేర్చి హిడ్నెల్లమ్ పెకియై అన్నాడు. న్యూయార్క్ రాష్ట్ర వృక్షశాస్త్రజ్ఞుడిగా దశాబ్దాలు పనిచేసి, అమెరికా శిలీంధ్రాలను వేలల్లో వర్ణించిన చార్లెస్ పెక్‌కు అది తగిన గౌరవం. అయినా పేరు కుదురుగా ఉండలేదు. 1925లో అచ్చయిన, ఇటలీ శాస్త్రవేత్త సకార్డో సంపుటం దాన్ని హిడ్నమ్‌లో కలిపింది. 1956లో స్నెల్, డిక్ అనే శాస్త్రవేత్తలు కాలోడాన్ అనే ప్రజాతిలోకి మార్చారు.

డీఎన్ఏ పోల్చడం మొదలయ్యాక పళ్ళ కుటుంబమే చెల్లాచెదురైంది. అసలు హిడ్నమ్, మడతల గొడుగున్న చాంటరెల్‌కు దగ్గరి చుట్టం. తెల్లటి జూలులా వేలాడే హెరీషియం, మొప్పలున్న రుస్యులాల వైపు తేలింది. హిడ్నెల్లమ్‌ది థెలెఫోరా అనే వేరే శిలీంధ్రాల వంశం. పళ్ళు ఒక్క పూర్వీకుడి ఆస్తి కావు. కొద్ది చోటులో ఎక్కువ సిద్ధబీజాలు పుట్టించే ఉపాయం కాబట్టి వేర్వేరు వంశాల్లో విడివిడిగా వచ్చాయి. ఈ కథలో నాకు అన్నిటికన్నా అద్భుతంగా తోచేది ఇదే.

ఈ వంశంలోనే బెండులాంటి పళ్ళవి హిడ్నెల్లమ్, మెత్తటి కండ ఉన్నవి సార్కోడాన్ అనే ప్రజాతి అన్న విభజనా నిలవలేదు. 2019లో పరిశోధకులు డీఎన్ఏతో పాటు సిద్ధబీజాల పొడవు కొలిచి గీత మళ్ళీ గీశారు. సుమారు 7 మైక్రాన్ల లోపువి హిడ్నెల్లమ్, అంతకు మించినవి సార్కోడాన్. దాంతో పలు సార్కోడాన్ జాతులు ఇటు వచ్చాయి. పెకియై మాత్రం బ్యాంకర్ పెట్టిన ప్రజాతిలోనే ఉంది.